భూమి ఎవరిదని అడిగాం, మట్టి సంగతి మరిచాం
(పత్తి రైతుల స్మారకోపన్యాసం, కొత్తవాడ, వరంగల్)



1997–98 పంటకాలంలో పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్న పత్తి రైతుల స్మృతిలో జరుపుతున్న సభ ఇది. దీనికి కొత్తవాడ సరైన చోటు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నేసేది ఇక్కడి మగ్గాల మీదే. జంపఖానాకు నూలు కావాలి, నూలుకు పత్తి కావాలి. ఆ పత్తి పండించిన వాళ్లు వందల్లో పోయారు. ఉద్యమాల గడ్డగా పేరున్న ఓరుగల్లులో ఇది ఎలా జరిగింది?

1946 జూలై 4న కడవెండిలో తెలంగాణ రైతాంగ పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి మన ఉద్యమాల గుండెకాయ ఒకే ప్రశ్న: భూమి ఎవరిది? ఆ ప్రశ్న వెట్టిని తరిమికొట్టింది, దొరల గడీలను కదిలించింది. 1970ల చివర కరీంనగర్, ఆదిలాబాద్ రైతాంగ పోరాటాలూ ఆ దారినే నడిచాయి. ఆ త్యాగాలను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే చేతికొచ్చిన చెలకలో ఏ విత్తనం వేయాలో, ఏ మందు కొట్టాలో నిర్ణయించే పని మాత్రం కంపెనీలకూ దుకాణదారుకూ పోయింది. ఉద్యమాలు అక్కడ గట్టు మీదే ఆగిపోయాయి.

1980ల నుంచి జొన్న, కంది, ఆముదం పండిన చెలకల్లోకి పత్తి వచ్చింది. చాలా ఊళ్లలో అప్పిచ్చేది, మందు అమ్మేది, ఏది ఎంత కొట్టాలో చెప్పేది, చివరికి పత్తి కొనేది కూడా ఒకే మనిషి. కొట్టిన కొద్దీ మిత్ర పురుగులు చచ్చాయి, శత్రు పురుగు మందుకు అలవాటు పడింది. 1997లో కాలం తిరగబడి లద్దె పురుగు విరుచుకుపడేసరికి రైతులు మందు మీద మందు కలిపి కొట్టారు. పురుగు చావలేదు, అప్పు పెరిగింది. అదే డబ్బా ఇంట్లో చేతికందే దూరంలో ఉంది.

అప్పుడు రైతు సంఘాలు రోడ్డెక్కాయి. పరిహారమివ్వాలని, అప్పులు మాఫీ చేయాలని, నకిలీ మందులమ్మిన వాళ్లను శిక్షించాలని అడిగాయి. అన్నీ న్యాయమైనవే. కానీ అసలు మందు దొరికితే గట్టెక్కుతామన్న నమ్మకం వాటి వెనక చెక్కుచెదరకుండా ఉంది. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి వచ్చినప్పుడూ అదే వరస. దెబ్బతిన్న రైతుల ఆందోళన తర్వాత 2005లో మూడు బీటీ రకాలకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి నిరాకరించారు. 2006లో 1600 రూపాయలు దాటిన ప్యాకెట్ ధర 750కి దిగింది. ధర మీద పోరాటం గెలిచింది, విత్తనం మీద పోరాటం బలపడలేదు. కొన్నేళ్లకే గులాబీరంగు పురుగు బీటీకీ లొంగకుండా పోయింది.

అయితే వేరే దారి చూపిన ఊళ్లూ ఉన్నాయి. కడవెండి ఉన్న జనగామ ప్రాంతంలోనే ఏనెబావి ఉంది. 2006 నాటికి ఆ చిన్న ఊరు రసాయన ఎరువులకూ పురుగుమందులకూ పూర్తిగా స్వస్తి చెప్పింది. ఇలాంటి సేద్యంలో పత్తి చేను చుట్టూ ఆముదం వేస్తారు. లద్దె పురుగు తల్లి రెక్కలపురుగు ఆముదం ఆకు అడుగున గుడ్లు కుప్పగా పెట్టి పైన నూగు కప్పుతుంది. పొదిగిన పిల్లలు కొన్నాళ్లు ఆ ఆకు మీదే గుంపుగా ఉండి పచ్చదనమంతా గీకి తినేస్తాయి, ఆకు జల్లెడలా తేలుతుంది. ఆ ఒక్క ఆకు తుంచి నలిపేస్తే వందల పురుగులు పోతాయి. చేనంతా పాకాక ఏ మందూ అంత పని చేయలేదు. దీనికి రూపాయి ఖర్చు లేదు, తెలిసిన కన్ను ఉంటే చాలు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో మహిళా సంఘాలు పట్టుబట్టి 2003కే ఊరిని పురుగుమందుల నుంచి విడిపించాయి.

ఇంత పెద్ద మార్పును మన ప్రగతిశీల శిబిరం చాలాకాలం స్వచ్ఛంద సంస్థల వ్యవహారమని పక్కన పెట్టింది. కేరళలో మాత్రం సైలెంట్ వ్యాలీ జలవిద్యుత్ ప్రాజెక్టును వామపక్ష అభిమానులే ఎక్కువగా ఉన్న శాస్త్ర సాహిత్య పరిషత్ ఎదిరించింది. ప్రాజెక్టును సమర్థించిన తమ వామపక్షం వాళ్లనే లెక్కలతో నిలదీసింది. ఆ అడవి 1984లో జాతీయ పార్కు అయింది. మన దగ్గర అలాంటి గొంతు లోపల్నుంచి బలంగా లేవలేదు.

సేంద్రియ సేద్యం గురించి మాట్లాడేవారినీ ఒక మాట అడగాలి. ఏడాది కౌలుకు చేను పట్టినవాడు పశువుల ఎరువు తోలి, మూడేళ్లు ఓపికపట్టి, మట్టిని ఎవరి కోసం బాగుచేస్తాడు? వచ్చే ఉగాదికి ఆ చేను తనకుంటుందో లేదో తెలియదు. 2018 రైతుబంధు సాయం పట్టాదారుకు వెళ్లింది, సాగుచేసే కౌలుదారుకు కాదు. కౌలు హక్కు ఊసెత్తని సేంద్రియ ప్రచారం సొంత పొలమున్న వాళ్ల దగ్గరే ఆగుతుంది. భూమి ప్రశ్ననూ మట్టి ప్రశ్ననూ విడదీసినంత కాలం రెండూ తేలవు.

అందుకే రైతు సంఘాల మిత్రులకు నా విన్నపం. వచ్చే వానాకాలానికి మీరు రాసే డిమాండ్ల పత్రంలో గిట్టుబాటు ధర పక్కనే కౌలుదారుకు రాతపూర్వక హక్కు, పురుగుమందు లేని సాగుకు మండలానికో శిక్షణ కేంద్రం, స్థానిక విత్తన నిల్వలు చేర్చండి. కొత్తవాడ చేనేత సహకార సంఘాలు పురుగుమందు లేకుండా పండిన పత్తి నూలును కాస్త ఎక్కువ ధరకైనా కొనేలా ప్రభుత్వ సాయం అడగండి. ఈ డిమాండ్ల పత్రం మీద రైతూ నేతన్నా కలిసి సంతకం చేయండి.