రోటర్‌డామ్‌లో పాత ఫ్లాట్: సంతకం పెట్టి, మూడు రోజుల్లో వెనక్కి వచ్చేశాం

ఈ రోజు ఇంటి గురించి మాట్లాడుకుందాం. కొన్న ఇంటి గురించి కాదు, కొనబోయి వదిలేసిన ఇంటి గురించి.

మేం ఉండేది నెదర్లాండ్స్‌లో, రోటర్‌డామ్‌లో. 1940 మేలో జర్మన్ల బాంబులకి సిటీ నడిబొడ్డు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అందుకే సెంటర్‌లో అంతా కొత్త బిల్డింగులే. పాత ఊరు చూడాలంటే ఔదే నోర్డెన్ లాంటి పేటలకి రావాలి. ఇరుకు వీధులు, గోడకి గోడ ఆనుకున్న మూడు నాలుగంతస్తుల ఇటుక ఇళ్లు, నూరేళ్లు దాటినవి బోలెడు. మెట్లయితే నిచ్చెనే అనుకోండి. సోఫా అలా ఎక్కదు, కిటికీలోంచి లాగాలి.

మా అద్దె కాంట్రాక్ట్ ఆగస్టుతో అయిపోతోంది. ఫుండా యాప్‌లో ఒక ఫ్లాట్ కనపడింది. 1905 నాటిది, మూడో అంతస్తు, ఎత్తయిన సీలింగ్, పెద్ద కిటికీలు. చూడ్డానికి ఇచ్చింది 20 నిమిషాలు. మా ఆవిడ బాల్కనీలో నిలబడి "ఇదే" అంది. అడిగింది 3,25,000 యూరోలు, మేం 3,50,000కి బిడ్ వేశాం. ఇక్కడ బ్యాంకు ఇంటి విలువ వరకే లోన్ ఇస్తుంది. వాల్యుయేషన్ తక్కువొస్తే ఆ తేడా మన జేబులోంచే పెట్టాలి. నాన్నగారు తెనాలిలో స్థలం అమ్మి పంపుతానన్న డబ్బు అందుకే. ట్రాన్స్‌ఫర్ టాక్స్ 2 శాతం, 35 లోపు వాళ్లకి మొదటి ఇంటికి మాఫీ, ధర ఒక పరిమితి దాటకపోతే. నాకు 36. మా ఆవిడ సగానికి మాఫీ, నా సగానికి 3,500. వయసు గురించి ఇప్పటికీ ఏడిపిస్తుంది లెండి.

బిడ్ ఒప్పుకున్నారు, సంతకాలయ్యాయి. సంతకమైన కాపీ చేతికొచ్చాక కొనేవాళ్లకి మూడు రోజుల టైమ్ ఉంటుంది. ఆ లోపు కారణం చెప్పక్కర్లేకుండా తప్పుకోవచ్చు. దాటాక తప్పుకుంటే మామూలుగా ధరలో 10 శాతం, అంటే మాకు 35,000 పెనాల్టీ.

పేపర్లు అప్పుడు తీశాను. ముందే తీయాల్సింది, తప్పు నాదే. అన్నీ డచ్‌లో. ఫోన్ కెమెరా పెట్టి ఒక్కో పేజీ ట్రాన్స్‌లేట్ చేసుకుంటూ కూర్చున్నాను. ఇక్కడ ఫ్లాట్ కొంటే వీవీఈ అనే ఓనర్ల సంఘంలో మెంబర్ అయిపోతాం, ఇష్టం ఉన్నా లేకపోయినా. పైకప్పు, బయటి గోడలు, పునాది అన్నీ ఉమ్మడి. రిపేర్ల కోసం ఏటా కొంత దాచాలని 2018 నుంచి చట్టం కూడా ఉంది. మా బిల్డింగ్‌లో నాలుగు ఫ్లాట్లు. అకౌంట్‌లో ఎంతుందో తెలుసా? మొత్తం 2,300 యూరోలు!

మీటింగ్ మినిట్స్‌లో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తోంది: పునాది పరీక్ష. మూడేళ్లు వరసగా "వచ్చే ఏడాది చూద్దాం" అని వాయిదా.

ఎందుకంత ముఖ్యమంటే, ఇక్కడ నేల మెత్తటిది. పాత ఇళ్లని చెక్క దుంగలు దిగేసి వాటి మీద కట్టారు. దుంగ తల నీళ్లలో మునిగి ఉన్నంతకాలం పాడవదు. భూగర్భజలం తగ్గి గాలి తగిలితే ఫంగస్ పట్టి కుళ్లుతుంది. లీకయ్యే పాత డ్రైనేజీ పైపు కూడా చుట్టుపక్కల నీటిని లాగేస్తుంది. బాగుచేయాలంటే ఒక్కో ఇంటికి లక్ష యూరోల దాకా అవ్వచ్చు. పైగా పక్కింటితో గోడ ఉమ్మడి కదా, వాళ్లూ కలిసి రావాలి. అమ్మినవాళ్లని అడుగుదామంటే కాంట్రాక్ట్‌లో ఒక క్లాజ్ ఉంది: ఇల్లు పాతదని తెలిసే కొంటున్నారు, రిస్క్ మీదే అని.

అమ్మేవాళ్ల ఏజెంట్‌కి ఫోన్ చేశాను. "120 ఏళ్లుగా నిలబడే ఉందిగా" అన్నాడు. నాన్నగారికి చేశాను. ఆయన ఒక్కటే అడిగారు, "పునాది చూడకుండా సంతకం పెట్టావా రా?"

రెండో రోజు సాయంత్రం మెయిల్ పెట్టేశాం, కొనట్లేదని. మా ఆవిడ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆగస్టులో సామాను ఒక ఫ్రెండ్ గరాజ్‌లో పెట్టి, నాలుగు నెలలు చిన్న స్టూడియోలో ఉన్నాం. అది ఎలా గడిచిందో చెప్పాలంటే ఇంకో ఎపిసోడ్ కావాలి.

తర్వాత దొరికింది రెండు వీధుల అవతల. వంటగదిలో పాతకాలం గోధుమరంగు టైల్స్, ఎనర్జీ లేబుల్ ఈ, బాల్కనీ లేదు. కానీ పునాది బాగుచేయించిన రిపోర్ట్ ఉంది. నెలకి 185 యూరోలు వీవీఈకి కడుతున్నాం. ఈసారి బిడ్ వేయకముందే మినిట్స్ అడిగి తెప్పించుకున్నాను. ఏజెంట్ కొంచెం విసుక్కున్నాడు, విసుక్కోనీ.

పాత ఫ్లాట్ ఇంకెవరో కొనుక్కున్నారు. ట్రామ్‌కి వెళ్తూ రోజూ చూస్తుంటాను, బాల్కనీలో పూలకుండీలు పెట్టుకున్నారు. బెల్ కొట్టి, పునాది సంగతి తెలుసా అండీ అని అడుగుదామా అనిపిస్తుంది. ఇంకా అడగలేదు.