అణువుకు దారి వేసిన గుంటూరు మనిషి

సాఫ్ట్‌వేర్ చేసుకునేవాడికి కెమిస్ట్రీ గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇంటర్‌లో బెంజీన్ రింగులు గీసీ గీసీ, ఇంజనీరింగ్ సీటు రాగానే వాటికో దండం పెట్టి వదిలేసిన బాపతే నేనూ. అయినా ఈ రోజు డాక్టర్ ఎ.వి. రామారావు గారి పని గురించి చెప్పాలనుకున్నాను. "మనవాళ్ళు మందులు కనిపెట్టరండీ, కాపీ కొడతారు" అని మనలో మనమే అనుకుంటూ ఉంటాం. ఆ మాట నాకు మింగుడుపడదు.

అల్లా వెంకట రామారావు గారు 1935లో గుంటూరులో పుట్టారు. అక్కడి ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, తరువాత బొంబాయిలో చదువు, పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీలో కె. వెంకటరామన్ గారి దగ్గర పీహెచ్‌డీ. 1975లో హార్వర్డ్‌కు, ఇ.జె. కోరీ దగ్గరకు వెళ్ళారు. రెండేళ్ళుండి పుణెకే తిరిగి వెళ్ళారు.

కోరీ పద్ధతి మనలాంటివాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. కావలసిన అణువును ముందు పెట్టుకుని, కాగితం మీద ఒక్కో బంధం తెంపుకుంటూ వెనక్కి నడవాలి. చివరకు బజారులో దొరికే సరుకు దగ్గర ఆగాలి. దీనికి సాయంగా ఆయన, విప్కీ కలిసి 1969లోనే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేశారు! 1990లో కోరీకి నోబెల్ వచ్చింది.

కాగితం మీద దారి దొరికితే సరిపోదు. పది మెట్ల తయారీలో ప్రతి మెట్టుకూ నూటికి 90 పాళ్ళు దక్కితే, ఆఖరికి మిగిలేది 35 పాళ్ళే. ప్రతి మెట్టుకూ 80 దక్కితే 11కి పడిపోతుంది. ఒక మెట్టు తగ్గించడం, ఖరీదైన సరుకు బదులు చవకది వాడటం, గాజు ఫ్లాస్కులో జరిగినది ఫ్యాక్టరీ రియాక్టర్‌లోనూ జరిగేలా చూడటం, ఇదంతా పరిశోధనే. మందు ధర తేలేది ఇక్కడే.

1985లో రామారావు గారు హైదరాబాదు తార్నాకలోని రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీకి డైరెక్టరుగా వచ్చారు. 1989లో అది ఐఐసీటీ అయింది. ఎయిడ్స్‌కు మొదటి మందు ఎజెడ్‌టి అమెరికాలో 1987లో ఆమోదం పొందింది. ఏడాదికి సుమారు పదివేల డాలర్లు! నిజానికి ఆ అణువు కొత్తదేం కాదు, 1964లో డెట్రాయిట్‌లో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేసి, పనిచేయక పక్కన పెట్టినదే. చిక్కంతా దానికి ముడిసరుకైన థైమిడిన్ దగ్గర. మొదట్లో దాన్ని హెర్రింగ్ చేపల వీర్యం నుంచి తీసేవారు. ఎంతని దొరుకుతుంది?

తార్నాకలో రామారావు గారి బృందం ఎజెడ్‌టి తయారీకి తమ దారి తాము వేసుకుంది. 1993లో సిప్లా ఆ మందును భారతదేశంలో విడుదల చేసింది. థైమిడిన్‌కు కనుగొన్న కొత్త మార్గాన్ని బృందం 1994లో ప్రచురించింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు మీద కాక, తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేది. కాబట్టి వేరే దారి కనుక్కోగలిగినవాడిదే బలం. 2005లో ఆ వెసులుబాటు పోయింది.

2001లో సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. అప్పటి ధర పదివేల పైమాటే. ఆ మూడింటిలో ఎజెడ్‌టి లేదు, ఆ ఘనతంతా ఒక్కరి ఖాతాలో వేయను. కానీ ఆఫ్రికాలో చావుకూ బతుకుకూ మధ్య తేడా చేసిన ఆ ధర వెనుక, ఇలా దారులు వెతికిన కెమిస్టుల లెక్క ఉంది. దీన్ని కాపీ అందామా?

1995లో రిటైరయ్యాక ఆయన హైదరాబాదులోనే అవ్రా లాబొరేటరీస్ పెట్టారు. అప్పటికి వయసు అరవై. 2016లో పద్మభూషణ్ వచ్చింది. మీ పిల్లల్లో కెమిస్ట్రీ ఇష్టపడేవాళ్ళుంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోమనండి, ఆ పది మెట్ల లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.