3,500 రూపాయల గీత: కిరాయి చట్టం మారితే గృహహింస చట్టానికి ఏమైంది

ఇంట్లో హింసకు గురైన స్త్రీకి అందే సాయం మూడు చోట్ల నుంచి వస్తుంది. కోర్టులు, న్యాయసేవాధికార సంస్థ ఒకటి. ఆశ్రయ గృహాలు, సఖి కేంద్రాలు రెండోది. పోలీసులు, 181 హెల్ప్‌లైన్ మూడోది. ఆమె తల దాచుకోవలసిన ఇల్లు మాత్రం ఈ మూడింటిలో ఎవరి పద్దులోనూ లేదు. అది కిరాయి చట్టం కిందికి వస్తుంది. కిరాయి చట్టాన్ని సవరించేవాళ్లకు ఇంటి యజమాని, కిరాయిదారు మాత్రమే కనిపిస్తారు. కిరాయిదారు భార్య కనిపించదు. అందువల్ల ఒక చట్టంలో ఇచ్చిన హక్కు, మరో చట్టంలోని ఒక అంకె వల్ల చప్పుడు లేకుండా వట్టిపోయింది. దానికి హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీలు మంచి ఉదాహరణ. ఇక్కడ కిరాయికి ఉండేవాళ్లు ఎక్కువ, ఇళ్లు పాతవి, భూమి ధర కొత్తది.

ఇది స్మారకోపన్యాసం. ఇలాంటివాటిలో మొదటి పేజీ స్మరణకు కేటాయించడం ఆనవాయితీ. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట మాట్లాడే గౌరవం చిన్నది కాదు. అయితే కాకినాడ కాంగ్రెస్‌లో టికెట్ లేదని నెహ్రూను ఆపిన పిల్ల కథ, రాజ్యాంగ సభ, ప్లానింగ్ కమిషన్, ఆంధ్ర మహిళా సభ, ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. ఎనిమిదో ఏట జరిగిన పెళ్లిని ఆమె పెద్దయ్యాక వద్దనుకున్నారు. ఆ భర్త వేరే పెళ్లి చేసుకుని, తర్వాత కాలం చేశారు. ఆయన భార్య నిలువనీడ లేక ఇబ్బంది పడుతుంటే దుర్గాబాయి ఆమెను మహిళా సభకు రప్పించి, పని నేర్పించి, తన కాళ్ల మీద నిలబడేలా చేశారు. ముందు నీడ, తర్వాత పని, ఆ తర్వాతే మిగతావి. ఈ వరుసను చట్టాలు రాసేవాళ్లు తలకిందులు చేశారన్నదే ఈ ఉపన్యాసం ఫిర్యాదు.

చట్టాల చరిత్ర అందరూ ఎరిగినదే. 1953లో చైనా వెళ్లివచ్చిన దుర్గాబాయి కుటుంబ న్యాయస్థానాలు కావాలన్నారు. ఆమె పోయిన మూడేళ్లకు, 1984లో, ఆ చట్టం వచ్చింది. అంతకు ముందు ఏడాదే, భార్య పట్ల క్రూరత్వాన్ని నేరంగా చూసే 498ఎ సెక్షన్ శిక్షాస్మృతిలోకి వచ్చింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995లో అమల్లోకి వచ్చాక, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీ అయినా ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు. 2006 అక్టోబర్ 26 నుంచి గృహహింస చట్టం అమలవుతోంది. హైదరాబాద్‌లో 2014లో షీ టీమ్స్, 2016లో భరోసా కేంద్రం మొదలయ్యాయి. అత్తమామల పేరిట ఉన్న ఇంట్లో కోడలికి నివాస హక్కు లేదని బాత్రా కేసులో 2006లో అన్న సుప్రీంకోర్టు, 2020లో సతీష్ చందర్ ఆహుజా కేసులో ఆ మాటను సరిదిద్దుకుంది. వీటి మీద పుస్తకాలున్నాయి, సదస్సులు జరిగాయి. సొంత ఇంటి గొడవ మీద ఇంత సిరా ఖర్చయింది గాని, కిరాయి ఇంటి గొడవను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

కిరాయి ఇంటి కథ వేరేగా నడిచింది. 1954 నాటి హైదరాబాద్ చట్టం స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. తెలంగాణకు ఇప్పటికీ అదే ఆధారం. ఈ చట్టం వర్తించే ఇంట్లోంచి కిరాయిదారును ఖాళీ చేయించాలంటే యజమాని రెంట్ కంట్రోలర్ ముందుకు వెళ్లి, చట్టం చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాలి. అయితే 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు అందులో మినహాయింపు ఉండేది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మొదట్లో సబబుగా ఉన్న వర్గీకరణ కాలం గడిచేకొద్దీ వివక్షగా మారవచ్చన్నది ఆ తీర్పు సారం. ప్రభుత్వం అదే డిసెంబర్‌లో 636 నంబరు జీవో ఇచ్చి, నెలకు వెయ్యి రూపాయలకు మించిన కిరాయి ఉన్న ఇళ్లను మళ్లీ చట్టం బయటికి నెట్టింది. 2005లో 17వ నంబరు సవరణ చట్టం ఆ గీతను నగరపాలక సంస్థల పరిధిలో 3,500 రూపాయల దగ్గర, మిగతా చోట్ల 2,000 దగ్గర గీసింది.

అసలు వివాదం ఇక్కడే. 2005 సవరణ కిరాయిదారుకు మేలే చేసిందని, వెయ్యిని మూడున్నర వేలకు పెంచిందని వాదించేవాళ్లున్నారు. లెక్క ప్రకారం అది నిజమే. కానీ అదే 3,500 అంకెను ఢిల్లీ 1988లోనే తన కిరాయి చట్టంలో పెట్టుకుంది. పదిహేడేళ్ల కిందటి ఢిల్లీ అంకెను ఇక్కడ కొత్తగా తగిలించి, దాన్ని ధరల సూచీకి కట్టకుండా వదిలేశారు. ఢిల్లీ పరిమితిని సుప్రీంకోర్టు 1994లో డి.సి. భాటియా కేసులో సమర్థించింది కదా అన్నది రెండో వాదన. సమర్థించింది, అప్పటికి ఆ అంకె వయసు ఆరేళ్లు. అంతకు ముందు 1986లో, తమిళనాడు చట్టంలోని 400 రూపాయల పరిమితిని రత్తన్ ఆర్య కేసులో అదే కోర్టు కొట్టేసింది. 1973లో పెట్టిన అంకెకు పెరిగిన కిరాయిల కాలంలో అర్థం లేదన్నది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి తెలుగువారే. భాటియా తీర్పును తరచూ ఉదహరించేవాళ్లు రత్తన్ ఆర్య తీర్పును ఒక వాక్యంతో దాటేస్తారు. చిక్కడపల్లిలో ఇవాళ 3,500కు ఒంటి గది పోర్షన్ కూడా దొరకదు. చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. వర్తించే ఇల్లే దాదాపు లేకుండా పోయింది.

2005లోనే మరో రెండు సంగతులు జరిగాయి. వీటిని కలిపి చదవకపోవడమే ఇన్నేళ్ల లోపం. ఫిబ్రవరిలో బి.పి. అచల ఆనంద్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక హక్కును గుర్తించింది. భర్త వదిలేసి పోతే, అతని పేరిట ఉన్న కిరాయి ఇంట్లో నివసిస్తున్న భార్య ఖాళీ దావాలో తానే నిలబడి వాదించుకోవచ్చు. కిరాయి కట్టడానికి ఆమె సిద్ధపడాలి, భర్త వాదనను వదులుకున్నాడని తేలాలి, అతనికి ఉన్న రక్షణ ఎంతో ఆమెకూ అంతే. సెప్టెంబర్‌లో గృహహింస చట్టం ఆమోదం పొందింది. దాని 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు, అంతే స్థాయి వేరే ఇల్లు చూపమని గానీ, దాని కిరాయి కట్టమని గానీ భర్తను ఆదేశించవచ్చు.

మూడూ ఒకే ఏడాదివి. ఒకటి స్త్రీకి భర్త స్థానంలో నిలబడే హక్కు ఇచ్చింది, కిరాయి చట్ట సవరణ ఆ స్థానం నుంచి బలాన్ని తీసేసింది. కిరాయి చట్టం వర్తించని ఇంట్లో భర్తకే రక్షణ లేదు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు చాలు. ఆ నోటీసు కిరాయిదారు పేరిట వస్తుంది. కవరు మీద ఉన్న పేరు అప్పటికే ఇల్లు వదిలి పోయిన మనిషిది. పోస్ట్‌మ్యాన్ ఆయన లేడని రాసుకుని వెనక్కి పంపుతాడు. దావాలో భార్య పేరు ఉండదు. ఎక్స్‌పార్టీ డిక్రీతో అమీనా గడపలోకి వచ్చిన రోజే ఆమెకు సంగతి తెలుస్తుంది. మేజిస్ట్రేటు ఇచ్చిన నివాస ఉత్తర్వు భర్తను కట్టడి చేస్తుంది గాని, ఆ కేసులో ప్రతివాది కాని ఇంటి యజమానిని కట్టడి చేయదు.

సివిల్ దావాలు ఏళ్ల తరబడి సాగుతాయి కాబట్టి ఆచరణలో ఎవరూ వీధిన పడరని ఒక సమాధానం వినిపిస్తుంది. ఆలస్యం హక్కు కాదు. పైగా ఆలస్యం వల్ల లాభం వకీలును పెట్టుకోగలిగిన కిరాయిదారుకే. కిరాయి నియంత్రణ వల్ల ఇళ్లకు తాళాలు పడ్డాయన్న ఆర్థిక శాస్త్ర వాదన మరొకటి. నియంత్రణ దాదాపు ఎవరికీ వర్తించని ఇన్నేళ్లలో ఆ తాళాలు తెరుచుకుని ఉండాలి కదా. అశోక్‌నగర్‌లో తెరుచుకున్నవి హాస్టళ్లు. నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల కోసం, ఒకప్పుడు రెండు కుటుంబాలున్న ఇళ్లను ప్లైవుడ్ గోడలతో మంచాల లెక్కన విడదీశారు. మంచానికి చెల్లించేది చట్టం దృష్టిలో కిరాయే కాదు. అక్కడ కిరాయిదారు అనేవాడే లేడు. హాస్టల్‌గా మారిన ప్రతి ఇంటితో కుటుంబాలుండే పోర్షన్లు తగ్గాయి.

దీని తాకిడి సంక్షోభ సేవల మీద పడుతుంది. సఖి కేంద్రంలో తాత్కాలిక ఆశ్రయం ఐదు రోజులు. 2022 దాకా ఉన్న స్వాధార్ గృహ పథకం నియమాల్లో హింస బాధితురాలికి గరిష్ఠంగా ఏడాది ఉండేది. ఆ తర్వాత ఆమె వెళ్లవలసింది కిరాయి ఇంటికే. అక్కడ టు-లెట్ బోర్డు కింద 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని ఉంటుంది. మెట్ల మీదే మొదటి ప్రశ్న, "మీవారేం చేస్తారమ్మా?" రెండోది, "ఎంతమంది ఉంటారు?" అడ్వాన్స్ సంగతి మూడోది. మొదటి ప్రశ్నకు జవాబు లేనివాళ్లు మూడో ప్రశ్న దాకా పోరు. గడువు ముగిసిన ఆశ్రయం నుంచి హింస జరిగిన ఇంటికే తిరిగి వెళ్లడాన్ని రాజీ అని రిజిస్టర్లో రాస్తారు. కౌన్సెలింగ్ ఫలించిందని నివేదికల్లో కనిపించే రాజీల్లో ఎన్నింటికి ఇల్లు దొరక్కపోవడమే కారణమో విడిగా లెక్కించే గడి ఆ ఫారాల్లో ఉండాలి.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయిదారీ చట్టం ఈ లోటును తీర్చలేదు. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల కిరాయి మించరాదన్న నిబంధన మంచిదే. చనిపోయిన కిరాయిదారు వారసుల ప్రస్తావనా అందులో ఉంది. వదిలేసి పోయిన కిరాయిదారు భార్య ప్రస్తావన లేదు.

ఈ వాదనకు ఆధారాలు తీర్పుల్లో కన్నా కాగితాల్లో ఎక్కువ దొరుకుతాయి. అందుకే ఈ నాలుగు పేటల్లోని పాత కిరాయి పత్రాలు, ఖాళీ నోటీసులు, రసీదు పుస్తకాలు పోగుచేసి ఒక సంపుటంగా తేవాలన్న పని ఇప్పుడు సాగుతోంది. 1960 చట్టం నాటి చేతిరాత ఒప్పందాల నుంచి ఇవాళ్టి పదకొండు నెలల ముద్రిత ఫారం దాకా అందులో చేరుతాయి. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి పుట్టిన ఆ పదకొండు నెలలకు ఒక అధ్యాయమే ఉంటుంది. ఒప్పందం మీద ఎవరి సంతకాలున్నాయి, రసీదు ఎవరి పేరిట ఉంది, కిరాయి నిజంగా ఎవరు చెల్లించారు అన్న మూడు గడులతో ప్రతి పత్రానికీ వివరణ తయారవుతోంది. కుట్టుమిషన్ పెట్టుకుని, టిఫిన్లు అమ్మి, ట్యూషన్లు చెప్పి కిరాయి కట్టిన స్త్రీ పేరు ఒప్పందంలో ఉండదు. రసీదు వెనక పెన్సిల్‌తో రాసిన లెక్కల్లో ఉంటుంది. భార్యాభర్తలిద్దరినీ ఉమ్మడి కిరాయిదారులుగా రాయాలని, ఖాళీ నోటీసు ఇద్దరికీ విడివిడిగా అందాలని, 1960 చట్టం 32వ సెక్షన్‌లోని 3,500 అంకెను ఏటా ధరల సూచీతో సవరించాలని కోరే ముసాయిదా ఆ సంపుటానికి అనుబంధంగా వస్తుంది.