ఉప్పెనలోను మారని దేవుడు

బెజవాడయొద్ద ఆనకట్ట ముగిసి, కృష్ణాజలములు కాలువలవెంట పొలములకు పారనారంభించి దశాబ్దము తిరుగకమున్నే, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై విరుచుకుపడి, ఆ ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. తెల్లవారునప్పటికి మంచినీటి చెరువులలో ఉప్పునీరు, వీథులలో శవములు! అట్టి వేళ దేవుడు మారనివాడని పలుకుట సులభము కాదు.

బైబిలునందలి విలాపవాక్యములను శ్రద్ధతో చదివినవారు ఒక విశేషమును గమనింపగలరు. కూలిన యెరూషలేమును జూచి విలపించిన ఆ కవి, గ్రంథమధ్యమున దేవుని కనికరమునందు ఆశ నిలుపుకొనియు, అంతటితో కన్నీరు తుడుచుకొనక, పిదప రెండధ్యాయములును ఏడ్చుచునే యుండెను. ఏడ్చుట అవిశ్వాసమని బాధితులను మందలించువారు ఈ గ్రంథమును మరల చదువుట మేలని నా అభిప్రాయము.

ఆ ఉప్పెననాటికి బందరులో క్రైస్తవ మిషనరీ రాబర్టు నోబుల్ దొర యుండెను. 1841లో ఈ తీరమునకు వచ్చి, 1843లో పాఠశాల తెరచిన ఆయన మరల స్వదేశము చూడలేదు. 1852లో ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించిరి, బడి ఖాళీ అయ్యెను. ఆయన మాత్రము దానిని విడువలేదు. పిల్లలు మెల్లమెల్లగా తిరిగివచ్చిరి. 1865లో ఆయన బందరులోనే కన్నుమూసెను. కాలక్రమమున కళాశాలయై ఆయన పేరు వహించిన ఆ విద్యాలయముననే సంఘసంస్కర్త రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు బోధించిరి.

ఆ తీరముననే మరల వచ్చిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమ వృద్ధులలో గాలివానకు నేటికిని ఉలికిపడువారు గలరు. క్రైస్తవ సోదరులారా, ఆ భయమును తప్పుపట్టకుడు. వారి చెంత కూర్చుండి, పోయినవారిని పేరుపేరున తలచి, వారితోకూడ ప్రార్థింపుడు.