తెర ఆపుదాం, నోరు విప్పుదాం
(వాడ సభలో చేసిన ప్రసంగం)



బడిలోకి కంప్యూటరొచ్చింది. వాడలోకి బెల్టుషాపొచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లోడు పొద్దున దీని ముందు, సాయంత్రం దాని ముందు. వాణ్ణి ఏది గెలుచుకుంటదో తేల్చాల్సింది మనమే.

"తాగొద్దు" అని తెరమీద బొమ్మేస్తే ఎవడూ మానడు. నెల్లూరు జిల్లాని గుర్తుచేసుకుందాం. 1990 తర్వాత అక్కడి అక్షరాస్యత కేంద్రాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడుతో కూలిన కాపురం కథ. అక్షరాలు దిద్దుతున్న కూలి తల్లులు అందులో తమ బతుకే చూసుకున్నారు. పుస్తకం పక్కన పెట్టి మాట్లాడుకున్నారు, లేచారు. దూబగుంటలో సారా అంగడి మూతపడింది. 1992లో జిల్లా అంతా కదిలి సారా పాటల్నే అడ్డుకుంది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. చట్టం ఇచ్చినోళ్లే తీసుకున్నారు. నేర్చుకున్నది మాత్రం ఎవరూ లాక్కోలేరు.

ఆ పలక చేసిన పని కంప్యూటర్ చేయలేదా? చేస్తది. ఆస్ట్రేలియాలో 13 ఏళ్ల పిల్లలకు తాగుడు మీద ఆరు కంప్యూటర్ పాఠాలు చేశారు. కాసేపు బొమ్మల కథ, తర్వాత తరగతిలో చర్చ. పరీక్షించి చూస్తే ఆ పిల్లలకు తెలివిడి పెరిగింది, ఆడపిల్లల్లో తాగుడు తగ్గింది. పని చేసింది ఒట్టి యంత్రం కాదు, కథా చర్చా కలిసి.

కాబట్టి మేం అడిగేవి మూడు.

ఒకటి, పాఠం మన కథ కావాలి. తెరమీద తాగుబోతు ఎప్పుడూ చిరుగు చొక్కా కూలోడేనా? బంగళాలో తాగేవాడు కనపడడేం? మన నాయనల్ని ఎగతాళి చేసే పాఠం మనకొద్దు.

రెండు, లెక్క పిల్లలే కట్టాలి. రోజుకు 150 రూపాయలు, నెలకు 20 రోజులు తాగితే ఏడాదికి 36,000. ఆ డబ్బు ఇంట్లో ఉంటే ఏమయ్యేది? ఇప్పుడు ఎవరి పెట్టెలోకి పోతంది? రెండు ప్రశ్నలూ అడగాలి.

మూడు, కంప్యూటర్ గదికి తాళం వద్దు. వారానికొక సాయంత్రం తల్లులకూ తెరవాలి. కథ సగంలో ఆపి, "మన వాడలో ఎట్టా ఉంది?" అని అడగాలి. అయ్యవార్లం మేం నోరు మూసుకుని వినాలి.

తాగుడుకి పడిపోయినవాణ్ణి వెలివేయొద్దు. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోదాం. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరుండాలి. ఇది కూడా పాఠంలో ఉండాలి.

రేపు బడి కాడికి రండి. తాళం చెవి అడుగుదాం.

జై భీమ్!