ముందు మన కరపత్రాన్నే పరీక్షకు పెడదాం

(అనకాపల్లిలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు పాల్గొన్న సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర పాఠాల్లో మన ప్రాంతానికి జరిగిన అన్యాయం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను. కానీ ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాయి కదా, ఆ మరుసటి ఏడాది మన వెనకబాటు మీద నేనొక కరపత్రం రాశాను. విశాఖ జిల్లా తలసరి ఆదాయం ఇంత, మిగతా జిల్లాలది ఇంత, చూడండి ఈ దోపిడీ అని పెద్దక్షరాలతో వేశాను. ఒక సభలో అది పంచుతుంటే రెవెన్యూలో పనిచేసే ఒక కుర్రాడు లేచాడు. మనవాడే, చందా ఇచ్చినవాడే. "మాస్టారూ, ఇది పాత విశాఖ జిల్లా అంకా, కొత్తదా?" అన్నాడు.

నా నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ అంకె నేను ఇంకో కరపత్రం చూసి ఎక్కించాను. ఆ కరపత్రం రాసినాయన్ని అడిగితే ఏదో పేపర్లో చూశానన్నాడు. ఏ పేపరో, ఏ తారీఖో ఆయనకీ గుర్తులేదు. ముప్పయ్యేళ్లు పిల్లలకు "ఆధారం రాయరా" అని మార్కులు కోసిన మనిషిని నేను!

ఆ కుర్రాడి ప్రశ్నలో ఎంత పస ఉందో చూడండి. 2022 ఏప్రిల్ 4 దాకా అనకాపల్లి, పాడేరు, విశాఖ అన్నీ ఒకే జిల్లా. నగరంలో ఉక్కు ఫ్యాక్టరీ, రేవు, రిఫైనరీ. ఏజెన్సీలో డోలీలో గర్భిణిని మోసుకొచ్చే బతుకు. రెండూ కలిపి సగటు తీస్తే పాడేరు ఆకలి నగరం లెక్కలో మునిగిపోయేది. జిల్లా విడగొట్టాక నగరం వేరైంది, పల్లెలూ కొండలూ వేరయ్యాయి. అప్పుడు విశాఖ జిల్లా సగటు పైకి లేస్తుంది. ఎవడి జేబులోకీ ఒక్క రూపాయి అదనంగా రాకుండానే లేస్తుంది! పాత జిల్లా అంకె పక్కన కొత్త జిల్లా అంకె పెడితే అభివృద్ధి అనైనా చూపించొచ్చు, దోపిడీ అనైనా చూపించొచ్చు. సర్కారు మొదటిది చేస్తే నేను రెండోది చేశాను. మన డిమాండు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఆ రోజు హాల్లో మాత్రం మన మాట చెల్లలేదు.

జనాభా సంగతీ అంతే. "2011 జనాభా లెక్కల ప్రకారం అనకాపల్లి జిల్లా జనాభా" అని గైడుల్లో వేస్తున్నారు. 2011లో అనకాపల్లి జిల్లా ఎక్కడుంది? మండలాల లెక్కలు తర్వాత కూడి తెచ్చిన అంకె అది. అబద్ధమని నేననడం లేదు. కూడిక ఎవరు చేశారో, ఏయే మండలాలు కలిపారో చెప్పి పిల్లలతో రాయించాలి అంటున్నాను.

ఇక చరిత్రకొద్దాం. మనూరి పక్క సంగతే చెబుతాను.

సముద్రగుప్తుడి దక్షిణ దండయాత్ర పాఠం మీ అందరికీ తెలుసు. అలహాబాదు స్తంభ శాసనంలో 12 మంది దక్షిణాది రాజుల పేర్లున్నాయి. పిష్టపురం మహేంద్రగిరి అంటే మన పిఠాపురం. వేంగి హస్తివర్మ ఉన్నాడు. ఆ జాబితాలోనే "దేవరాష్ట్రం కుబేరుడు" అని ఒకాయన ఉన్నాడు. ఏదీ ఈ దేవరాష్ట్రం? ఫ్లీట్ దొర మహారాష్ట్ర అన్నాడు. 1904లో తన చరిత్ర గ్రంథం అచ్చువేసిన విన్సెంట్ స్మిత్ కూడా అదే రాశాడు. ఎరండపల్లను ఖాందేశ్‌లో పెట్టాడు. అంతే, సముద్రగుప్తుడు తూర్పు తీరాన దిగి, పడమటి కనుమల పక్కగా మరాఠా దేశం గెలుచుకుంటూ ఇంటికెళ్లాడని ఒక పెద్ద గీత మ్యాపులో పడిపోయింది. ఎలా పడిందయ్యా అంటే, పేరులో "రాష్ట్రం" వినపడింది గనక!

మరి ఆ గీత ఎలా చెరిగింది? ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న కశింకోటలో దొరికిన రాగిరేకుల వల్ల. తూర్పు చాళుక్య రాజు మొదటి భీముడి దానశాసనం అది. అందులో ఎలమంచి కళింగదేశం దేవరాష్ట్రంలో భాగమని ఉంది. ఎలమంచి అంటే మన యలమంచిలి. ఎరండపల్లకూ ఇటువైపే జాడ దొరికింది. శ్రీకాకుళం దగ్గర సిద్ధాంతం గ్రామంలో బయటపడ్డ దేవేంద్రవర్మ రేకుల్లో ఆ పేరుంది. పాండిచ్చేరిలో పనిచేసిన జువో దుబ్రాయ్ అనే ఫ్రెంచి పండితుడు ఈ రెండూ కలిపి, 1920లో వచ్చిన తన దక్కను చరిత్రలో స్మిత్ మాట కొట్టేశాడు. సముద్రగుప్తుడు పడమటికి వెళ్లనే లేదు, ఈ తీరమ్మటే వచ్చాడు, ఈ తీరమ్మటే పోయాడు అని తేల్చాడు.

ఈ కథ చెబితే మన కుర్రాళ్లు చప్పట్లు కొడతారు. కొట్టండి, కశింకోట గొప్పదే. కానీ కొంచెం ఆగండి. చాళుక్య భీముడు సముద్రగుప్తుడికి అయిదు వందల ఏళ్ల తర్వాతివాడు. అంత కాలం తర్వాత రాసిన రేకు మనకెందుకు సాక్ష్యమైంది? ఊరి పేర్లు, సరిహద్దులు దానశాసనంలో తప్పు రాస్తే దానం పుచ్చుకున్నవాడికే నష్టం. భూమి చేతికి రాదు. అందుకని ఆ భాగం జాగ్రత్తగా రాస్తారు. అదే రేకులో రాజుగారి పరాక్రమం గురించి రాసింది అంత జాగ్రత్తగా చదవక్కర్లేదు, అది పొగడ్త. ఒకే రేకులో ఒక వాక్యం గట్టిది, ఇంకో వాక్యం బోలుది. శాసనం కాబట్టి నిజం, పాట కాబట్టి అబద్ధం అని పిల్లలకు మూటగట్టి చెప్పకండి.

అలహాబాదు శాసనం సంగతి మాత్రం? రాసింది హరిషేణుడు. ఆయన ఆ రాజుగారి కొలువులో పెద్ద అధికారి. సంధివిగ్రహాలు చూసేవాడు. మన భాషలో చెప్పాలంటే సమాచార శాఖ విడుదల చేసిన ప్రకటన అది. రాజులను పట్టుకుని, దయతో వదిలేశాడని రాశాడు. పట్టుకున్నది ఎంత నిజం, వదిలేయక తప్పకపోవడం ఎంత నిజం? దుబ్రాయ్ ఇంకా ముందుకెళ్లి, తూర్పు తీర రాజులంతా కూటమి కట్టి సముద్రగుప్తుణ్ని వెనక్కి తరిమారన్నాడు. వినడానికి మనకెంత బాగుందో! కానీ దీనికి ఆయన దగ్గర రేకు లేదు, ఊహ ఉంది. చాలామంది చరిత్రకారులు ఒప్పుకోలేదు. దేవరాష్ట్రం విషయంలో దుబ్రాయ్ మాట నిలిచింది, కూటమి విషయంలో నిలవలేదు. మనిషి ఒకడే. అందుకే ఫలానా పండితుడన్నాడు అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఏ ఆధారంతో అన్నాడో అడగాలి.

ఇప్పుడు శంకరం వెళదాం. బొజ్జన్నకొండ, లింగాలకొండ. పేర్లు చూడండి. శంకరం అన్న పేరు సంఘారామం నుంచి వచ్చిందంటారు. రాతిలో తొలిచిన స్తూపాలు వరసగా కనపడితే జనం లింగాలనుకుని లింగాలకొండ అన్నారు. బొజ్జన్నకొండ మీద బొజ్జలా ఉబ్బిన దాన్ని రాక్షసుడి పొట్ట అనుకుని కనుమనాడు రాళ్లతో కొట్టడం తరాల తరబడి జరిగింది. వారసత్వం కాపాడదామనుకున్నవాళ్లు పూనుకోబట్టి అది ఆగింది. ఆచారం కూడా ఒక ఆధారమే. బుద్ధుడి కాలం గురించి అది ఏమీ చెప్పదు. బుద్ధుణ్ని మర్చిపోయిన తర్వాత మన తాతముత్తాతలు ఆ కొండను ఏ కళ్లతో చూశారో చెబుతుంది. దేనికి సాక్ష్యం అన్న ప్రశ్న అడక్కుండా సాక్ష్యం మంచిదా చెడ్డదా అని తేల్చలేం.

అక్కడే 1906లో అలెగ్జాండర్ రే తవ్వకాలు మొదలుపెట్టాడు. శాతవాహనుల సీసపు నాణెం, విష్ణువర్ధనుడి రాగి నాణేలు, సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి దొరికాయి. "అదిగో మాస్టారూ, సముద్రగుప్తుడు ఇక్కడికి వచ్చాడనడానికి రుజువు!" అని ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల అరిచింది. నేనూ మురిసిపోయాను. ఇంటికెళ్లాక ఆలోచన మొదలైంది. రోము చక్రవర్తుల నాణేలు నల్గొండ జిల్లాలో దొరికాయి. రోము చక్రవర్తి నల్గొండ వచ్చాడా? నాణేనికి కాళ్లుండవు గానీ వర్తకుడి మొలలో, యాత్రికుడి జోలెలో ఎంత దూరమైనా పోతుంది. మర్నాడు క్లాసులో ఆ పిల్లనే అడిగాను. "అయితే ఇది ఎవరో ఇక్కడికి తెచ్చారనడానికి రుజువు, అంతే కదండీ" అంది. అంతే. ఆ "అంతే" దగ్గర ఆగడం నేర్పడమే మన ఉద్యోగం.

ఇంకొకటి, గుండెకు దగ్గరైనది. కృష్ణదేవిపేట ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. అల్లూరి సమాధి అక్కడే. పాత పుస్తకంలో విశాఖ జిల్లా అని ఉంటే అది తప్పు కాదు, అచ్చు వేసిన నాటికి నిజం. పుస్తకం వెనక పేజీలో ముద్రణ సంవత్సరం చూడటం పిల్లలకు మొదటి రోజే అలవాటు చేయాలి. పుట్టిన ఊరు పాండ్రంగి అనేవారున్నారు, మోగల్లు అనేవారున్నారు. పుట్టిన ఏడు 1897 అని కొందరు, 1898 అని కొందరు.

కానీ వీటికన్నా పెద్ద ప్రశ్న 1924 మే 7న కొయ్యూరులో ఏం జరిగింది? పారిపోబోతే కాల్చామని సర్కారు కాగితం. చెట్టుకు కట్టి కాల్చారని జనం మాట. పిల్లలతో రెండు గళ్లు గీయించండి. మొదటి మాట రాసినవాడెవడు? కాల్చినవాడి పక్షం వాడు. ఆ మాట రాయకపోతే జవాబు చెప్పుకోవాల్సినవాడు. రెండో మాట నోటి నుంచి నోటికి వచ్చింది, వస్తూ వస్తూ పెరిగే గుణం దానికుంది. ఖైదీ నిరాయుధుడు, చుట్టూ తుపాకులు. నా మనసు జనం మాటవైపే మొగ్గుతుంది. అయితే బోర్డు మీద రాసేటప్పుడు "నా అభిప్రాయం" అని రాసి దాని కింద రాస్తాను.

శత్రువు కాగితంలో మనకు పనికొచ్చేది ఉండదనుకోకండి. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో గిరిజనులను కూలి ఎగ్గొట్టి ఎలా పీడించాడో బ్రిటిష్ వాళ్ల కాగితాల్లోనే నమోదైంది. తనవాడి తప్పు తనే రాసుకున్నాడంటే ఆ మాటకు బరువెక్కువ. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద దాడి ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే సినిమా కన్నా ఆ కాగితాలు నయం.

సినిమా అంటే గుర్తొచ్చింది. 2022 తర్వాత అల్లూరి, కొమరం భీం స్నేహితులని జవాబు పత్రాల్లో రాస్తున్నారట పిల్లలు! సినిమా తీసినవాళ్లే కల్పన అని చెప్పారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు. 1974 సినిమాలో కృష్ణ గారి రూపమే అల్లూరి రూపమనుకుని నేనూ పెరిగాను.

రాష్ట్రం వస్తే ఇవన్నీ సర్దుకుంటాయి, మన పుస్తకాలు మనమే రాసుకుంటాం అని మన మిత్రులంటారు. 2014 తర్వాత తెలంగాణలో పుస్తకాలు మారాయి. అక్కడి పోరాటాలకు చోటు దొరికింది, దొరకాల్సిందే. కానీ సెప్టెంబరు 17 సంగతి చూడండి. 2022లో అదే రోజున, అదే హైదరాబాదులో కేంద్రం విమోచన దినం అంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో ఇంకో ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. 1948లో జరిగింది మారలేదు, బ్యానర్ మారింది. టీచరు చేతిలో బ్యానర్ ఒక్కటే ఉంటే ప్రభుత్వం మారినప్పుడల్లా పాఠం మారుతుంది. రేపు మన పుస్తకంలో దేవరాష్ట్రం వస్తుంది, బొజ్జన్నకొండ వస్తుంది, సంతోషమే. దాంతోపాటు కూటమి కట్టి సముద్రగుప్తుణ్ని తరిమాం అన్న ముక్క కూడా ఎవరో ఉత్సాహంగా దూరుస్తారు. అప్పుడు లేచి "ఆధారం ఏదండీ?" అని అడిగేవాడు మనలోనే ఉండాలి. ఆ రెవెన్యూ కుర్రాడిలాగా.

నా కరపత్రం మళ్లీ అచ్చు వేశాం. ఈసారి ప్రతి అంకె పక్కన సంవత్సరం, జిల్లా పాతదా కొత్తదా, ఎక్కణ్నించి తీసుకున్నామో వేశాం. ఆధారం దొరకని రెండు అంకెలు తీసేశాం. అందువల్ల కరపత్రం కొంచెం చిన్నదైంది. ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, తీసుకోండి, తప్పులుంటే నా మొహం మీదే చెప్పండి.

ఆదివారం పొద్దున్నే శంకరం వెళ్దామనుకుంటున్నాం. దగ్గరే కాబట్టి నడిచే వెళ్దాం. పిల్లలు నోటుపుస్తకం, మంచినీళ్ల సీసా తెచ్చుకోవాలి. మెట్లెక్కేటప్పుడు నాతో పాటు మెల్లగా రండి, మోకాళ్లు నొప్పి.