విలేకరి ఫోన్ చేసిన రాత్రి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేనొక హాస్టల్ కమిటీకి కార్యదర్శిగా ఉన్నప్పుడు, ఓ రాత్రి 12 మంది పిల్లలకు వాంతులయ్యాయి. విలేకరి ఫోన్ చేస్తే భయపడి పెట్టేశాను. తెల్లారేసరికి పత్రికలో ఆ 12 కాస్తా 40 అయింది. కింద 'కార్యదర్శి స్పందించలేదు' అని ఒక ముక్క. ఊళ్ళ నుంచి తల్లులు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఏడుపు తప్పేది.

1982లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో టైలెనాల్ మందులో ఎవరో సైనైడ్ కలిపారు. ఏడుగురు చనిపోయారు. తయారీ సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్ దాక్కోలేదు. ఆ మందు వాడవద్దని పత్రికల ద్వారా, టీవీల ద్వారా తానే చెప్పింది. సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. జనం మళ్ళీ నమ్మారు.

మన సంఘానికీ నా మనవి ఇదే. పత్రికలతో మాట్లాడే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. తెలిసింది చెప్పండి. తెలియనిది కనుక్కుని, పత్రిక అచ్చుకు వెళ్ళేలోపు చెప్పండి. పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టకండి.

జవాబు రాకపోతే లేచి నిలబడి 'తెలియదండీ' అనమని ఈ బడిలోనే మాస్టారు నేర్పారు. ఆ రాత్రి నాకది గుర్తు రాలేదు. మీకు గుర్తుండాలని చెబుతున్నాను. సెలవు.